స్తూపం నిలపడం సగం పనే

డిసెంబరు మాసం వచ్చిందంటే మన సైనికులను స్మరించుకొనే దినాలు వరుసగా వస్తాయి. 4వ తేదీ నౌకాదళ దినోత్సవం. 7వ తేదీ సాయుధ దళాల పతాక దినోత్సవం. 16వ తేదీ విజయ్ దివస్. ఆ రోజుల్లో స్మారకాల వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచుతాం, రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం, చిన్న కాగితపు జెండాను చొక్కాకు గుచ్చుకొంటాం. తక్కిన దినాలలో ఆ స్మారకం ఏ స్థితిలో ఉన్నది, దానిపై చెక్కిన పేర్లు ఎవరైనా చదువుతున్నారా అన్నది మాత్రం తరచుగా మన ఆలోచనకు రాదు.

1999 నాటి కార్గిల్ యుద్ధం తరువాత చిన్న పట్టణాలలోను, పల్లెలలోను, మనవంటి సంస్థల టౌన్‌షిప్పులలోను అమరవీరుల స్తూపం ఒకటి ఉండాలన్న కోరిక బలపడింది. ఇది ఎంతో హర్షించదగిన విషయం. అయితే స్మారకాన్ని నిర్మించడం వేరు, దానిని నిలుపుకోవడం వేరు. మొదటిది ఒక సంవత్సరపు పని, రెండవది తరతరాల పని. ఈ రెండింటికీ మధ్యనున్న దూరం ఎంతటిదో మన తీరంలోనే, మన కాలంలోనే జరిగిన కొన్ని సంఘటనలు తెలియజేస్తున్నాయి.

మన నేలకు కొత్త కాదు

వీరుల స్మృతికి శిలను నిలపడం పాశ్చాత్యుల వద్ద నేర్చుకొన్న ఆచారమని కొందరి భావన. తెలుగు నేల చరిత్ర అందుకు భిన్నంగా ఉన్నది. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకుల కాలంలో మరణించినవారి జ్ఞాపకార్థం ఛాయా స్తంభాలను నిలిపేవారు. నాగార్జునకొండ త్రవ్వకాలలో ఇటువంటివి అనేకం లభించాయి. రాజులకు, రాణులకు మాత్రమే గాక సేనానులకు, సాధారణ సైనికులకు, చేతిపనుల వారికి కూడా ఇవి ఉండటం గమనించదగిన విషయం. తరువాతి శతాబ్దాలలో ఊరి పొలిమేరలలో వీరగల్లులు వెలిశాయి. ఊరి కోసం, పశువుల మంద కోసం పోరాడి నేలకొరిగిన వాని రూపాన్ని చేత కత్తితో రాతిపై మలచి నిలిపేవారు. నేడు వాటిలో అనేకం చెట్ల క్రింద పేరు తెలియని దేవతలుగా పసుపు కుంకుమలు అందుకొంటున్నాయి. రాయి మిగిలింది, పేరు మిగలలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ పల్నాటిలోని కారెంపూడి. 12వ శతాబ్దిలో జరిగిన పల్నాటి యుద్ధంలో మరణించిన వీరులకు అక్కడ నాగులేటి ఒడ్డున గుడి ఉన్నది. ఏటా కార్తీక మాసంలో వీరారాధనోత్సవాలు జరుగుతాయి. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను వంశపారంపర్యంగా కాపాడుకొనేవారు వాటిని ఎత్తుకొని తరలివస్తారు. వీరగాథలను పాడేవారు పాడుతారు. ఎనిమిది వందల సంవత్సరాలకు పైగా గడిచినా పల్నాటి వీరుల పేర్లు ఆ ప్రాంతపు ప్రజల నాలుకపై ఉండటానికి కారణం రాయి గట్టితనం కాదు. ఏటా ఒకసారి ఆ ఆయుధాన్ని భుజాన వేసుకొనేవాడు ఒకడు ఉండటమే కారణం.

విశాఖ తీరాన విజయ స్మృతి

ఇక మన కాలానికి వద్దాం. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో సముద్రానికి ఎదురుగా 'విక్టరీ ఎట్ సీ' యుద్ధ స్మారకం ఉన్నది. 1971 యుద్ధంలో తూర్పు నౌకాదళం నిర్వహించిన పాత్రకు గుర్తుగా 1996లో దీనిని నిర్మించారు. సాయంకాలం బీచ్‌కు వచ్చే కుటుంబాలు దీని ముందు ఫొటోలు తీయించుకొంటాయి. ఇది ఏ రాత్రిని జ్ఞాపకం చేస్తున్నదో మాత్రం ఈ తరం పిల్లలకు చెప్పవలసి ఉన్నది.

1971 నవంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ కరాచీ నుండి బయలుదేరి బంగాళాఖాతంలోకి వచ్చింది. మన ఏకైక విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచివేయడం దాని ప్రధాన లక్ష్యం. అప్పటికి విక్రాంత్ బాయిలర్లలో ఒకదానిలో లోపం ఉండి వేగం తగ్గింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల వైపు పంపివేసి, అది విశాఖ సమీపంలోనే ఉన్నదని శత్రువు నమ్మేటట్లు చేశారు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే పాత విధ్వంసక నౌకను విక్రాంత్‌గా భ్రమింపజేసిన తీరును ఆయన తరువాతి కాలంలో తన గ్రంథంలో వివరించారు. డిసెంబరు 3, 4 తేదీల మధ్యరాత్రి విశాఖ రేవుకు సమీపంలో పెద్ద విస్ఫోటనం సంభవించింది. గాజీ అందులోని సిబ్బంది అందరితో సహా మునిగిపోయింది. రాజ్‌పుత్ విడిచిన డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం చెప్పగా, లోపలి ప్రమాదం వల్ల మునిగిందని పాకిస్తాన్ చెప్పింది. కారణం ఏదైనప్పటికీ బంగాళాఖాతంలో విక్రాంత్‌కు ఎదురు లేకుండా పోయింది. డిసెంబరు 4 నుండి దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ లపై దాడులు సాగించాయి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి.

ఏటా డిసెంబరు 4న తూర్పు నౌకాదళాధిపతి ఈ స్మారకం వద్ద పుష్పగుచ్ఛం ఉంచి వందనం చేస్తారు. ఇక్కడ మరొక్క మాట చెప్పుకోవాలి. గాజీ శకలాలు ఇప్పటికీ విశాఖకు ఎదుట సముద్రగర్భంలోనే ఉన్నాయి. మునిగిన నౌకను అందులోని నావికులకు సమాధిగా భావించి కదిలించకుండా విడిచిపెట్టడం నావికుల సంప్రదాయం. శత్రువైనా విధి నిర్వహణలో మరణించినవానిని గౌరవించడం వీరధర్మం. విజయ స్మారకం ముందు నిలిచినపుడు ఎదుటి నీటిలో ఉన్నవారు కూడా తల్లుల బిడ్డలేనని గుర్తుంచుకోవడం మన విజయాన్ని తగ్గించదు.

ఒకటి నిలిచింది, ఒకటి తుక్కయింది

ఈ స్మారకానికి కొద్ది దూరంలోనే ఇసుకపై ఐ.ఎన్.ఎస్. కుర్సుర జలాంతర్గామి ఉన్నది. 1969 డిసెంబరు 18న నాటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 31 సంవత్సరాలు సేవ చేసి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 91 మీటర్లకు పైగా పొడవున్న ఈ ఉక్కు శరీరాన్ని సముద్రం నుండి ఒడ్డుకు లాగి దిమ్మెలపై నిలిపి, లోపలికి సందర్శకులు వెళ్లేటట్లు తీర్చిదిద్దడానికి 18 నెలల కాలం, సుమారు 5.5 కోట్ల రూపాయలు పట్టాయి. 2002 ఆగస్టు 9న ప్రారంభోత్సవం జరిగింది. దక్షిణాసియాలో ఇదే మొదటి జలాంతర్గామి మ్యూజియం. 2017 డిసెంబరులో దీనికి ఎదురుగా టి.యు. 142 విమాన మ్యూజియం కూడా వచ్చింది.

కుర్సురలో అడుగు పెట్టినవారికి నావికుని జీవితం పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. ఒక మనిషి ప్రక్కకు తిరిగితేనే మరొకరు దాటగల దారి, వంగి దాటవలసిన గుండ్రని ద్వారాలు, అరలవలె ఒకదానిపై ఒకటి అమర్చిన పడకలు. సుమారు 75 మంది ఇందులో రోజుల తరబడి సూర్యరశ్మి చూడకుండా గడిపేవారు. వీటన్నిటికంటె గొప్ప విషయం మరొకటి ఉన్నది. పదవీ విరమణ చేసిన నావికులనే ఇక్కడ మార్గదర్శకులుగా నియమించారు. టార్పెడో గొట్టం ముందు నిలబడి అది ఎట్లా పని చేస్తుందో చెప్పేవాడు ఆ వృత్తిలో జీవితాన్ని గడిపినవాడు. పిల్లలు అడిగే ప్రశ్నకు అతడిచ్చే జవాబు ఏ శిలాఫలకమూ ఇవ్వలేదు.

ఇప్పుడు రెండవ కథ. గాజీ ఏ నౌకను వెతుకుతూ వచ్చి మునిగిపోయిందో ఆ విక్రాంత్ ఏమైంది? 1961లో నౌకాదళంలో చేరి 1997 జనవరి 31న విరమించిన ఆ నౌకను ముంబయిలో మ్యూజియంగా ఉంచారు. వేలాదిమంది చూశారు. కాని అంత పెద్ద నౌకను నీటిలో ఉంచి కాపాడటానికి శాశ్వతమైన ఆర్థిక ఏర్పాటు కుదరలేదు. అడుగుభాగం శిథిలమై సందర్శకులకు అపాయకరమని 2012లో మూసివేశారు. దానిని కాపాడాలని కొందరు న్యాయస్థానాలను ఆశ్రయించినా ఫలితం దక్కలేదు. 2014లో సుమారు 60 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయి ఆ ఏడాది చివర విక్రాంత్ తుక్కుగా విడగొట్టబడింది. ఆ లోహంలో కొంత భాగంతో ముంబయిలో ఒక శిల్పాన్ని 2016లో నెలకొల్పారు.

విక్రాంత్ నామధేయం మాత్రం నిలిచింది. కొచ్చిన్ షిప్‌యార్డ్ నిర్మించిన కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. దానికి వాడిన సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కును స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా సరఫరా చేసింది. ప్రభుత్వరంగ ఉద్యోగులుగా మనకిది గర్వకారణం. అయినా పాత నౌక పోయిన లోటు పోయినదే. రెండు నౌకలకూ కీర్తి ఉన్నది, రెండింటిపై ప్రజలకు అభిమానం ఉన్నది. ఒకటి పరిమాణంలో చిన్నది, ఒడ్డున పొడి నేలపై ఉన్నది, దాని ఆలనాపాలనకు నగరాభివృద్ధి సంస్థ, నౌకాదళం బాధ్యత వహించాయి. రెండవదానికి ఆ బాధ్యత ఎవరిదన్నది తేలలేదు. స్మారకాల భవితవ్యం నిర్ణయమయ్యేది ఇక్కడే.

నేలకొరిగిన చోట, పుట్టిన చోట

స్మారకం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు మన దేశంలో రెండు సమాధానాలున్నాయి. 1962 నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా వద్ద 16 వేల అడుగులకు పైబడిన ఎత్తులో మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వాన 13 కుమావోన్ రెజిమెంటుకు చెందిన ఒక కంపెనీ చివరివరకు పోరాడింది. 114 మంది ప్రాణాలర్పించారు. వారి స్మారకం చుషూల్ వద్ద ఉన్నది. కాని ఆ సైనికులలో అధికులు హర్యానాలోని రేవాడీ ప్రాంతపు రైతు కుటుంబాలవారు. లడఖ్ వరకు వెళ్లగల తల్లులెందరు? అందుచేత రేవాడీలోను వారికి స్మారకం వెలసింది. 1971 డిసెంబరు 9న అరేబియా సముద్రంలో ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ మునిగినపుడు కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులైనారు. వారికి సమాధులు లేవు. డయ్యూ తీరాన ఒక గుట్టపై ఆ నౌక నమూనాను గాజు గదిలో ఉంచి, సముద్రం వైపు చూస్తూ స్మరించుకొనే చోటు కల్పించారు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతికి అంకితమైన జాతీయ యుద్ధ స్మారకంలోని గ్రానైటు పలకలపై 25,942 మంది పేర్లు చెక్కి ఉంచారు. అక్కడ పేరుండటం గౌరవం. కాని ఊరిలో, వీధిలో, చదువుకొన్న బడి దారిలో పేరుండటం వేరొక విధమైన గౌరవం. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైన కర్నల్ సంతోష్ బాబు కంచు విగ్రహాన్ని ఆయన స్వస్థలమైన సూర్యాపేటలో సరిగ్గా సంవత్సరం తరువాత ఆవిష్కరించారు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం గ్రామం తరతరాలుగా సైన్యానికి బిడ్డలను పంపి 'మిలిటరీ మాధవరం'గా పేరు పొందింది. అటువంటి ఊరిలో స్మారకం అలంకారం కాదు, కుటుంబ చరిత్ర.

స్మారకం తలపెట్టేవారికి

టౌన్‌షిప్పులోనో, స్వగ్రామంలోనో ఇటువంటి నిర్మాణం తలపెట్టే మిత్రులకు కొన్ని సూచనలు చేయదలిచాము.

మొదటిది పేర్లు. శిల్పి వద్దకు వెళ్లేముందే పేర్ల జాబితా సిద్ధం కావాలి. ప్రతి పేరును కుటుంబ సభ్యులతోను, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోని రికార్డులతోను సరిచూసుకోవాలి. రాతిపై అక్షర దోషం కాగితంపై దోషం వంటిది కాదు. దానిని ఆ ఇంటివారు ఏటా చూడవలసి వస్తుంది. 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్ ఒక మంచి సూత్రాన్ని ప్రకటించింది. హోదా, జాతి, మతం అనే భేదం లేకుండా అందరి స్మృతికీ సమాన గౌరవం ఉండాలన్నదే ఆ సూత్రం. కోహిమాలోని సమాధుల వరుసలలో నేటికీ దానిని చూడవచ్చు. మన స్తూపంపై కూడా అధికారి పేరు, సిపాయి పేరు ఒకే పరిమాణపు అక్షరాలలో ఉండటం ఉచితం. దాతల పేర్ల పలక అమరుల పేర్ల పలకకంటె పెద్దది కాకూడదని వేరుగా చెప్పనవసరం లేదు.

రెండవది పదార్థం. ఉక్కుతో పని చేసే మనకు తుప్పు సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. సముద్రపు గాలి తగిలే చోట మెత్తని ఉక్కును వాడితే ఏటా గోకి, ప్రైమరు పూసి, రంగు వేయవలసిందే. కంచు తుప్పు పట్టదు గాని చిలుము పడుతుంది; దానిని శుభ్రపరచి మైనపు పూత పూస్తుండాలి. పాలరాయి కంటికి ఇంపుగా ఉన్నా కర్మాగారాల పొగలోని ఆమ్లాలకు అరిగిపోతుంది. పేర్ల పలకకు గ్రానైటు ఉత్తమం. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైటుకు దేశవిదేశాలలో పేరున్నది. అక్షరాలను రంగుతో వ్రాయించక లోతుగా చెక్కించాలి. రంగు పోయినా వేలితో తడిమి చదవగలగాలి. శిల్పులకు మన వద్ద కొరత లేదు. రాతి పనికి ఆళ్లగడ్డ, దుర్గి, విగ్రహాలకు తెనాలి ప్రసిద్ధి పొందిన ఊళ్లు.

మూడవది స్థలం. నాలుగు రోడ్ల కూడలి మధ్య నిలిపిన స్తూపాన్ని బస్సు కిటికీలోనుండి చూడవచ్చు గాని దగ్గరకు వెళ్లి చదవలేము. బడికి, పార్కుకు చేరువగా, కూర్చోవడానికి ఒక అరుగు, నీడకు రెండు చెట్లు ఉన్న చోటు మేలు. వృద్ధురాలైన తల్లి మెట్లెక్కకుండా పేరును తాకగలిగితే ఆ రూపకల్పన సార్థకమైనట్లే.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, సంరక్షణ. నిర్మాణానికి సేకరించిన నిధిలో ఒక భాగాన్ని ఖర్చు చేయక బ్యాంకులో డిపాజిట్ చేసి, దాని వడ్డీతో ఏటా మరమ్మతులు జరిగే ఏర్పాటు ఉండాలి. ఏ విభాగం ఊడుస్తుంది, ఎవరు దీపం వెలిగిస్తారు, అక్షరం పగిలితే ఎవరికి చెప్పాలి అన్నవి కాగితంపై వ్రాసి ఉంచాలి. ఆవిష్కరణకు ముఖ్య అతిథి ఎవరన్న చర్చకు పట్టే కాలంలో నాలుగవ వంతు దీనికి కేటాయించినా చాలు.

మన మధ్య ఉన్న సైనికులు

స్మారకం అనగానే మరణించినవారినే తలచుకొంటాము. యుద్ధం చేసి తిరిగి వచ్చినవారు మన మధ్యనే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలలో గ్రూప్ 'సి' ఉద్యోగాలలో 14.5 శాతం, గ్రూప్ 'డి'లో 24.5 శాతం మాజీ సైనికులకు కేటాయించే విధానం ఉన్నది. వికలాంగులైన మాజీ సైనికులు, అమరుల కుటుంబ సభ్యులు కూడా ఇందులో చేరి ఉన్నారు. అందుచేత మనవంటి సంస్థలలో గేటు వద్ద పాసు చూసేవారిలోను, స్టోర్సులో లెక్క వ్రాసేవారిలోను, క్రేను నడిపేవారిలోను ఒకనాడు సరిహద్దులో నిలిచినవారు ఉంటారు. వారు తమంతట తాము చెప్పుకోరు. మనము అడగము. వారి పదవీ విరమణ సభలో శాలువా కప్పి, సర్వీసు సంవత్సరాలు చదివి పంపించివేస్తాము. వారితోపాటు ఒక చరిత్ర గేటు దాటి పోతుంది.

1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల వయసున్నవారు ఇప్పుడు డెబ్బయి దాటినవారు. వారి మాటలను నమోదు చేయవలసిన కాలం ఇదే. ఒక రిజిస్టరు, ఒక టేపు రికార్డరు లేదా ఫోను, ఓపికగా వినే ఒక మనిషి ఉంటే సరిపోతుంది. ఏ రెజిమెంటు, ఏ సంవత్సరం, ఏ సరిహద్దు, ప్రక్కన నిలిచిన స్నేహితుని పేరేమిటి, ఇంటికి ఉత్తరం ఎన్నాళ్లకు చేరేది. ఈ ప్రశ్నలను టౌన్‌షిప్పు పాఠశాల విద్యార్థులు అడిగితే ఇంకా మేలు. తాతగారి పెట్టెలోని పతకానికి అర్థం మనుమరాలికి తెలియడం కూడా స్మారక నిర్మాణమే. జనవరి 14వ తేదీని మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు. 1953లో ఆ రోజున జనరల్ కరియప్ప పదవీ విరమణ చేశారు. ఈ పనికి అంతకంటె తగిన రోజు ఉండదు.

పతాక దినోత్సవం నాడు మన వద్దకు హుండీతో వచ్చేవారికి ఇచ్చే మొత్తం యుద్ధ వితంతువులకు, వికలాంగ సైనికులకు, మాజీ సైనికుల పిల్లల చదువులకు వెళుతుంది. 1949 నుండి సాగుతున్న ఈ సంప్రదాయంలో జేబు తడుముకొని చిల్లర వేయడంతో మన వంతు తీరిందనుకోరాదు.

ఉద్యోగ సోదరీ సోదరులకు, వారి కుటుంబ సభ్యులకు మా విన్నపం ఒక్కటే. మీ టౌన్‌షిప్పులో, మీ స్వగ్రామంలో ఇప్పటికే ఉన్న స్మారకం వద్దకు ఈ మాసంలో ఒకసారి పిల్లలతో వెళ్లండి. దానిపై ఉన్న పేర్లన్నిటినీ పైకి చదివించండి. చదవడానికి వీలులేని పేరు ఒక్కటి కనిపించినా దానిని వ్రాసుకొని సంబంధిత అధికారులకు తెలియజేయండి. స్మారకం లేని చోట కొత్తది నిర్మించాలని తలపెడితే, శంకుస్థాపనకు ముందే సంరక్షణ బాధ్యత ఎవరిదో నిర్ణయించుకోండి. స్తూపాన్ని మన చేతులు నిలుపుతాయి. ఆ పేర్లను నిలపవలసినది మన పిల్లల నోళ్లు.